పాస్‌వర్డ్ తప్పు కాదు ఆపా, కీబోర్డు ఉర్దూలో ఉంది



మొన్న ఇషా అయ్యాక గుంటూరు నుంచి ఆపా ఫోన్ చేసింది. గొంతులోనే పరేషానీ తెలిసిపోతోంది. "భాయ్, కంప్యూటర్ తెరుచుకోవడం లేదు. పొద్దుటి నుంచి పాస్‌వర్డ్ తప్పు, తప్పు అంటోంది. రేపటితో బేటీ స్కాలర్‌షిప్ దరఖాస్తుకి ఆఖరి రోజు. కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి."

ఇంట్లో అప్పటికే పంచాయితీ నడిచింది. బేటీ తమ్ముడి మీద ఇల్జామ్ వేసింది, వాడే మార్చేశాడని. వాడు ఖసమ్ తిన్నాడు. దూల్హాభాయ్ అయితే "మీ ఆపాకి ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది" అని తేల్చేశారట. బజార్లో రిపేరు దుకాణం అతను ఫోన్లోనే ఫైసలా చెప్పేశాడు: "ఫార్మాట్ కొట్టాలమ్మా, లోపలున్నవి పోతాయి." లోపలున్న వాటిలో అబ్బా మర్‌హూమ్ గొంతు ఉంది. ఆస్పత్రిలో ఉన్నప్పుడు మనవలతో మాట్లాడిన రికార్డింగులు. ఇంకో నకలు ఎక్కడా లేదు.

నేను ఒక్కటే అడిగాను. "పాస్‌వర్డ్ కొట్టే డబ్బాలో చివర కన్ను బొమ్మ ఉంటుంది. కొట్టాక, ఎంటర్ నొక్కకుండా దాన్ని నొక్కి పట్టుకో. ఏం కనిపిస్తోంది?"

కాసేపు సన్నాటా. తర్వాత, "యా అల్లాహ్, ఇవన్నీ ఉర్దూ హరూఫ్!"

కిస్సా అంతే. దాదీ తన వంటల నుస్ఖాలు ఉర్దూలో రాసుకోవాలని ముచ్చటపడితే పిల్లలు విండోస్‌లో ఉర్దూ కీబోర్డు కలిపి ఇచ్చారు. రాత్రి ఉర్దూలో ఉండగానే మూసేశారు. పొద్దున ఆపా ఎప్పటి మీటలే నొక్కింది, కానీ మిషన్‌కి చేరినవి వేరే అక్షరాలు. విండోస్ మీట, స్పేస్ మీట కలిపి నొక్కమన్నాను. ఇంగ్లీషు వచ్చింది. తలుపు తెరుచుకుంది.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. 'పాస్‌వర్డ్ తప్పు' అన్న ఆ రెండు మాటలు చదవగానే మనం మనిషిని అనుమానిస్తాం, అదీ ఇంట్లో అమ్మీనో, వయసైన అబ్బానో. మిషన్‌కి తెలిసింది చాలా తక్కువ. మీ వేలు ఏ మీట మీద పడిందో దానికి పట్టదు, తనకి ఏ అక్షరం చేరిందో అదే చూస్తుంది. మధ్యలో ఉన్న కీబోర్డు గురించి ఎవరూ అడగరు. నబ్జ్ చూడకుండా ఆపరేషన్ చెప్పే హకీమ్ దగ్గరికి మనం వెళ్తామా? మరి తష్ఖీస్ లేకుండా ఫార్మాట్ చెప్పేవాడి మాట ఎందుకు వినాలి?

కసూర్ ప్రతిసారీ ఉర్దూది కాదు. చిన్నపిల్లలున్న ఇళ్లలో ఇంకోటి చూశాను. కుడివైపు షిఫ్ట్ మీటని 8 సెకన్లు నొక్కి పట్టుకుంటే ఫిల్టర్ కీస్ అనే ఏర్పాటు మొదలవుతుంది. అప్పుడు వేగంగా నొక్కిన మీటల్ని కంప్యూటర్ లెక్కచేయదు, కీబోర్డు చచ్చిపోయిందనుకుంటాం. మళ్లీ అదే మీట 8 సెకన్లు పట్టుకుంటే పోతుంది. కొన్ని చిన్న లాప్‌టాప్‌లలో నమ్ లాక్ పడితే జె, కె, ఎల్ నొక్కినచోట 1, 2, 3 వస్తాయి. క్యాప్స్ లాక్ సంగతి మీకు తెలిసిందే. చాయ్ ఒలికి నిజంగానే మీటలు పోతే, లాగిన్ తెర కింద కుడి మూల మనిషి బొమ్మలాంటి గుర్తు నొక్కండి. తెర మీదే కీబోర్డు వస్తుంది, మౌస్‌తో కొట్టుకోవచ్చు. పక్కింటి నుంచి యూఎస్‌బీ కీబోర్డు ఓ గంట అడిగి తెచ్చుకున్నా సరే.

పిన్ వాడేవారికి ఒక తమాషా. కొన్నిసార్లు తప్పు కొడితే విండోస్ 'ఏ1బీ2సీ3' అని కొట్టి చూపించమంటుంది. కీబోర్డు ఉర్దూలో ఉంటే ఆ ఇంగ్లీషు అక్షరాలు ఎక్కడి నుంచి వస్తాయి? ముందు భాష మార్చాలి. జల్ద్‌బాజీలో పదే పదే కొడుతూ పోకండి, కాసేపు తాళం పడే ప్రమాదం కూడా ఉంది.

మర్నాడు దూల్హాభాయ్ ఫోన్ చేసి, "ఆ ఉర్దూ తీసిపారేస్తే ఝంఝట్ పోతుంది కదా" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడి, బయట తెలుగు రాసి, ఆఫీసులో ఇంగ్లీషు వాడే ఖాన్‌దాన్ మనది. మిషన్‌కి సులువని దాదీ జబాన్‌ని ఇంట్లోంచి పంపేస్తామా? ఇలాజ్ ఉంది. ఇంగ్లీషుని మొదటి భాషగా పెట్టండి, ఉర్దూ, తెలుగు దాని వెనక ఉండనివ్వండి. తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్, అందులో అడ్మినిస్ట్రేటివ్, అక్కడ కాపీ సెట్టింగ్స్. వెల్‌కమ్ స్క్రీన్‌కి కూడా ఇదే వర్తించాలని టిక్ పెట్టండి. ఐదు నిమిషాల పని.

దరఖాస్తు ఆ రాత్రే వెళ్లింది. అబ్బా రికార్డింగుల్ని రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించి, ఒకటి నాకు పంపమన్నాను. దాదీ ఖుబానీ కా మీఠా నుస్ఖా సగంలో ఉందట. దూల్హాభాయ్ ఆపాకి ఇంకా సారీ చెప్పలేదని ఖబర్.