ముద్ర లేని పాట

పాట గాలివంటిది, దానికి ఇల్లూ వాకిలీ వుండవని మనలో ఒక మాట వున్నది. వినడానికి ఇంపైన మాటే. కాని ఆ మాట చాటున ఎంత అన్యాయం సాగిపోతున్నదో భద్రాచలం వద్ద గోదావరి ఒడ్డున నిలబడి ఆలోచించినవారికి బోధపడుతుంది. ఆ సీమలో రెండు రకాల పాటలు పెరిగినవి. ఒకటి ఆలయాన్ని ఆశ్రయించినది. రెండవది ఆలయం చుట్టూ వున్న అడవిని ఆశ్రయించినది. మొదటిది దేశమంతా తిరిగినా తన కర్త పేరు పోగొట్టుకొనలేదు. రెండవది ఊరి పొలిమేర దాటిన మరుక్షణమే అనాథ అయినది. ఈ భేదం ఎందువల్ల కలిగినదో ఉపాధ్యాయులూ, విద్యార్థులూ ఒకసారి విచారింపవలసి వున్నది.

కంచర్ల గోపన్న నేలకొండపల్లి వాడు. 17వ శతాబ్దిలో, గోలకొండ నేలిన అబుల్ హసన్ తానాషా కాలంలో, పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా వుండి, సర్కారు సొమ్ముతో రామాలయం కట్టించి చెర పాలైన కథ మన పిల్లలందరికీ తెలిసినదే. ఆయన కీర్తనలకు ఆనాడు అచ్చుయంత్రం తోడు లేదు. భజన కూటాలే వాటిని ఊరూరా మోసినవి. త్యాగరాజస్వామి సైతం రామదాసును తన కృతులలో స్మరించినారు. తరువాత యంత్రయుగం వచ్చినది. 1948 డిసెంబరులో విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైన పిమ్మట మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి గళం ద్వారా ఆ కీర్తనలు ఇంటింటా వినిపించినవి. 1964లో చిత్తూరు నాగయ్య గారు గోపన్న కథను తెరకెక్కించినారు. 2006లో కె. రాఘవేంద్రరావు గారి ‘శ్రీ రామదాసు’ వచ్చినది. ఇన్ని చేతులు మారినా ఆ పాట ఎవరిదని ఏ ఒక్కరూ అడుగవలసిన అవసరం కలుగలేదు. ఏమంటే కీర్తన చివరి చరణంలో రామదాసు ముద్ర వున్నది. వాగ్గేయకారుడు తన పేరునో, ఇష్టదైవం పేరునో పాటలోనే పొదిగి వుంచడాన్ని ముద్ర అంటారు. పాడేవాడు మరచిపోదామన్నా మరపురానీయని ఏర్పాటు అది.

ఇక అడవి వైపు చూతము. కోయల పాటలలో ‘రేల’ అనే పల్లవి మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. రేల అంటే ఎండకాలంలో పసుపుపచ్చని పూలగుత్తులు వేలాడదీసే చెట్టు. వేసవిలో భూమి పండుగ వేళ మగవారు వేటకు వెళ్ళగా, కోయ స్త్రీలు దారుల మీదికి వచ్చి చేయి చేయి పట్టుకొని రేల పాటలు పాడుతూ వచ్చిపోయే బండ్లను ఆపుతారు. బండిలోనివారు నాలుగు రూపాయలు ఇచ్చి సాగిపోతారు. ఆ పాటకు ఆ దారి మీద దక్కేది ఆ చిల్లరే. అదే రేల బాణీ పట్నపు రికార్డింగు గదికి చేరి, వాద్యాలు తొడుక్కొని, పెండ్లి పందిళ్ళలో డీజే పెట్టెలు అదరగొట్టే పాటగా తిరిగి వస్తే, దాని వెల వేరు. దాని మీద వుండే పేర్లూ వేరు. ‘జానపదం’ అనే ఒక్క మాట తప్ప దానిలో ఆ దారి జాడ వుండదు.

డోలి కోయల సంగతి ఇంతకన్న విచారకరమైనది. కోయ గోత్రాల పుట్టుపూర్వోత్తరాలు, సమ్మక్క సారలమ్మల కథ, పగిడిద్దరాజు కథ, ఇలవేల్పుల చరిత్రలు వీరి నోటనే నిలిచి వున్నవి. డోలు కొట్టుతూ, బొమ్మలు వ్రాసిన పడిగె గుడ్డను చూపుతూ గంటల తరబడి కథ నడుపుతారు. వ్రాతకోతలు లేని సమాజానికి వారే గ్రంథాలయము. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు ఈ విద్యలో దిట్ట. 2022లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించినది. 2024లో ఆయన కాలం చేసినారు. అదే 2022లో పద్మశ్రీ పొందిన మరొక కళాకారుడు కిన్నెర మొగులయ్య గారి పేరు ‘భీమ్లా నాయక్’ చిత్రంలోని పాట వల్ల ఇంటింటా తెలిసినది. రామచంద్రయ్య గారి పేరు ఆయన సొంత జిల్లాలోని బడిపిల్లలలోనైనా ఎందరికి తెలుసునో ఉపాధ్యాయులు తమ తరగతిలో అడిగి చూడవచ్చును. సినిమా అనేది పేరు నిలుపగలదు, పేరు మాపగలదు. రెండు శక్తులూ దానికి వున్నవి.

పరిశ్రమను తిట్టిపోయడం సులువు. కాని దాని స్వభావం తెలిసికొనడం మేలు. మన దేశంలో గ్రామఫోను కంపెనీ 1902లో పాటలు పట్టడం మొదలుపెట్టిననాడు పళ్ళెం ఒక వైపు మూడు నిమిషాలకు మించి పట్టేది కాదు. ఆ మూడు నిమిషాలే కాలక్రమాన పాటకు కొలతగా స్థిరపడినవి. గంటల కథకు ఆ కొలతలో చోటు లేదు. కనుక అడవి పాటలో పల్లవిని తీసికొని కథను వదలివేయడం వ్యాపారానికి సహజమైనది. బాణీలు ప్రయాణించడం కూడ కొత్త కాదు. 1955లో వచ్చిన ‘రోజులు మారాయి’ చిత్రంలో కొసరాజు గారు వ్రాయగా మాస్టర్ వేణు గారు స్వరపరచిన ఏరువాక పాట పల్లెపాటల ఒరవడిలో సాగి ఆంధ్రదేశమంతా మ్రోగినది. అయిదేండ్లకు ఆ బాణీ బొంబాయి చేరి, ఎస్.డి. బర్మన్ గారి సంగీతంలో ‘బంబయి కా బాబూ’ చిత్రంలో హిందీ పాటగా వినిపించినది. మనము ఏమంటున్నాము? మా వేణు గారి బాణీ అని గర్వంగా చెప్పుకొంటున్నాము. పేరు వున్నది గనుక చెప్పుకొనగలుగుతున్నాము. ఆ ఒరవడిని తరతరాలుగా దిద్దిన రైతుకూలీలకు పేరు లేదు గనుక వారిని తలచేవారు లేరు.

చట్టం ఏమి చెబుతున్నదో కూడ చూడవలెను. మన కాపీరైటు చట్టం కర్తకు జీవితకాలమూ, ఆయన గతించిన పిమ్మట 60 ఏండ్లూ హక్కు ఇస్తున్నది. 2012 నాటి సవరణ సినిమా పాట వ్రాసినవారికీ, స్వరపరచినవారికీ రాయల్టీలో వాటాను కాపాడినది. మంచి పనే. కాని ఈ చట్టం చూపు అంతా ఒక కర్త మీద, ఒక రచన మీద. ఒక జాతి మొత్తం కలిసి నూరేండ్లుగా కట్టిన పాటకు కర్త ఎవరని అది అడుగుతుంది. జవాబు రాదు. జవాబు రాని చోట పాట అందరిదీ అవుతుంది. అందరిదైన పాటను ఎవరైనా కొత్తగా సవరించి రికార్డు చేస్తే ఆ రికార్డింగుకు మాత్రం యజమాని ఏర్పడతాడు. యూట్యూబు వంటి వేదికల మీద యంత్రమే ధ్వనులను పోల్చి ఏది ఎవరి సొత్తో తేల్చే ఏర్పాటు వున్నది. తొలుత నమోదు చేసినవాడి మాట అక్కడ చెల్లుతుంది. పాటను కన్నవారి గూడెం ఆ పద్దులలో లేనేలేదు.

పేరు లేకపోతే ఏమవుతుందో, పేరు వుండి కూడ పట్టించుకొనకపోతే ఏమవుతుందో దక్షిణాఫ్రికా చరిత్ర చెబుతున్నది. జులూ గాయకుడు సాలొమన్ లిండా 1939లో ‘ఎంబూబే’ అనే పాట రికార్డు చేసినాడు. ఆయనకు ముట్టినది పది షిల్లింగులని చెబుతారు. ఆ పాట అమెరికాలో రూపు మార్చుకొని లోకమంతా మ్రోగినది. లిండా 1962లో బీదరికంలోనే మరణించినాడు. ఆయన కుమార్తెలు న్యాయస్థానానికి ఎక్కగా 2006లో రాజీ కుదిరి, వారికి వాటా లభించినది. ఆ మాత్రమైనా దక్కడానికి కారణం ఆ రికార్డు మీద లిండా పేరు అచ్చయి వుండడమే.

ఇక్కడ ఒక ఆక్షేపణ రాగలదు. పల్లెపాటకు పేరూ హక్కూ కట్టివేస్తే దాని కాళ్ళకు బంధం వేసినట్లు కాదా? పాడుకొనే స్వేచ్ఛ పోదా? ఈ శంకలో సత్యం లేకపోలేదు. పాట పదిమంది నోట పడితేనే బ్రతుకుతుంది. కాని రామదాసు ముద్ర ఆయన కీర్తనలను ఏనాడైనా ఆపినదా? భజన కూటాన్ని నిలదీసినదా? లేదు. ముద్ర పాటకు సంకెల కాదు, చిరునామా. నేను కోరుతున్నది కూడ అంతే. గూడెంలో పాడుకొనేవారికి అడ్డు వుండరాదు. అమ్ముకొనేవారు మాత్రం ఏ గూడెం పాట, ఏ గాయని నోట విన్నది అనే మాట పాటతో పాటు ప్రకటింపవలెను. లాభం వచ్చినప్పుడు అందులో కొంత ఆ గూడేనికి తిరిగి పోవలెను. ఇది దానం కాదు, బాకీ.

ఈ పని ఇప్పుడే చేయవలసిన అగత్యం ఒకటి వచ్చి పడినది. 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మొదలైన మండలాలు పోలవరం ప్రాజెక్టు నిమిత్తం ఆంధ్రప్రదేశులో కలిసినవి. ముంపు ఊళ్ళవారు పునరావాస కాలనీలకు తరలవలసి వచ్చినది. ఇంటికి బదులు ఇల్లు కట్టి ఇవ్వవచ్చును. విత్తనాల పండుగ నాడు ఏ చెట్టు క్రింద ఏ పాట పాడేవారో ఆ చెట్టును ఎవరు కట్టి ఇవ్వగలరు? సందర్భం పోయిన పాట ఒక తరంలో మరపున పడుతుంది. ఆపై పట్నంలో మిగిలిన రికార్డే దాని రూపమని మన పిల్లలు నమ్ముతారు.

చట్టం మారేవరకు వేచి వుండనక్కరలేదు. 1940 దశకంలో హైమన్‌డార్ఫ్ అనే పండితుడు విదేశం నుండి వచ్చి గోదావరి లోయలోని కొండరెడ్ల జీవితాన్ని గ్రంథస్థం చేసినాడు. బిరుదురాజు రామరాజు గారు తెలంగాణ పల్లెలు తిరిగి జానపద గేయాలపై పరిశోధన చేసినారు. మన ఆశ్రమ పాఠశాలల పిల్లలకు అంత దూరం తిరిగే శ్రమ కూడ లేదు. పాట వారి ఇంటనే వున్నది. సెలవులకు ఇంటికి వెళ్ళే విద్యార్థి ఒక నోటుపుస్తకం వెంట తీసికొనిపోవలెను. అవ్వ పాడిన పాటను ఆమె అనుమతితో వ్రాసికొనవలెను. కోయమాటను కోయమాటగానే వుంచి, క్రింద తెలుగు అర్థం వ్రాయవలెను. పాడినవారి పేరు, గూడెం పేరు, ఏ పండుగకో, ఏ పనికో పాడే పాట అనే వివరం, ఆమె ఎవరి వద్ద నేర్చినది, వ్రాసిన తేదీ, ఈ అయిదూ విడువరాదు. ఉపాధ్యాయుడు ఆ పుస్తకాలను బడి గ్రంథాలయంలో భద్రపరుపవలెను. రేపు ఎవరైనా ఆ పాటను తమదని అంటే ఆ నోటుపుస్తకమే సాక్ష్యం పలుకుతుంది.

గోపన్న చెరసాలలో కూర్చుండి కూడ తన పాట చివర తన పేరు నిలుపుకొన్నాడని మనము చెప్పుకొంటాము. అడవిలో పాడే అవ్వ తన పేరు తాను చెప్పుకొనదు. అది ఆమె మర్యాద. ఆ చివరి చరణం ఆమె మనుమరాలి చేత వ్రాయించవలసిన బాధ్యత బడిది.