కంచె పీకేవారితో చేనుకు చేటు

"ఏ తాసిల్దారు వస్తేనేం, ఏ కలెక్టరు పోతేనేం, మన రెక్కలాడితేనేగా మన డొక్కాడేది!"

రచ్చబండ దగ్గర ఈ మాట వినని కార్యకర్త వుండడు. ఆ మాటలో కసి వుంది, అనుభవమూ వుంది. బంజరు దున్నుకున్నవాణ్ణి పోలీసులతో తరిమించిందీ అధికార్లే, భూస్వామి అరుగుమీద కూర్చొని కూలి రేట్లు అమలౌతున్నాయని రాసిందీ అధికార్లే. కంచే చేను మేయడం మనం చూడని వింతేమీ కాదు. అయితే ఆ కంచెలోనే ఎక్కడో ఒక గట్టి గుంజ నిలబడి, పైవాడి ఆజ్ఞకు "ఇది చట్టం కాదు" అన్నప్పుడు, ఆ గుంజను పీకేవాడు చేను బాగుకోరి పీకడు. ఈ సంగతి వ్యవసాయ కార్మికులు గుర్తించవలసి వున్నది.

1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ఆకాశంనుంచి ఊడిపడలేదు. అంతకు రెండేళ్ల ముందే దానికి దారి చదును చేశారు. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు కూడ మార్చజాలదని 1973 ఏప్రిల్ 24న సుప్రీంకోర్టు కేశవానంద భారతి కేసులో తీర్పు చెప్పింది. మర్నాడే షెలత్, హెగ్డే, గ్రోవర్ అనే ముగ్గురు సీనియర్ న్యాయమూర్తులను కాదని, వారి తరువాతి వాడైన ఎ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ముగ్గురూ రాజీనామా యిచ్చారు.

అప్పుడు పాలకులు చెప్పిన కారణమేమిటి? భూసంస్కరణలకూ, బ్యాంకుల జాతీయకరణకూ కోర్టులు అడ్డుపడుతున్నాయట! ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అందుకే పేదల పక్షాన నిలిచేవారిలో కూడ కొందరు ఈ చర్యను సమర్థించారు. కాని న్యాయమూర్తులను మార్చినంత మాత్రాన సీలింగు భూమి కూలివాని చేతికి వచ్చిందా? రాలేదు. భూములు బినామీ పేర్లలోకి పోయాయి. పేదవాడి పేరు చెప్పి పాలకుడు సంపాదించుకున్న కత్తి చివరికి పేదవాడి మెడమీదికే వచ్చింది.

ఎమర్జెన్సీకి రెండు నెలల ముందు మరొకటి జరిగింది. మారుతి కార్ల కంపెనీ గురించి పార్లమెంటులో ప్రశ్న వచ్చింది. జవాబుకు కావలసిన వివరాలు సేకరించడం నలుగురు అధికార్ల పని. వారు ఆ పని చేశారు. ఆ కంపెనీ ప్రధానమంత్రి కుమారుడిది. అంతే, ఆ నలుగురిమీదికీ సీబీఐని వదిలారు, ఇళ్లు సోదా చేయించారు, కేసులు పెట్టించారు. తరువాత షా కమిషన్ విచారణలో ఈ బాగోతమంతా బయటపడింది.

శిక్ష పడింది నలుగురికే. కాని దెబ్బ అక్కడితో ఆగదు. ఒక్కణ్ణి కొడితే వెయ్యిమంది తల వంచుతారు. నిరంకుశత్వానికి కావలసింది అదే. తల వంచినవాడు పై ఆజ్ఞను కింది వాడి మీద రుద్దుతాడు. ఎమర్జెన్సీలో కుటుంబ నియంత్రణకు కోటాలు కట్టారు. కేసులు తేలేని బడిపంతుళ్ల జీతాలు ఆపారు. నోరెత్తిన అధికార్లు అరుదు. 1976–77 ఒక్క సంవత్సరంలో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. ముఖ్యంగా ఉత్తరాది పల్లెల్లో బలవంతాన కత్తికింద పడుకున్నది భూస్వాములు కాదు, మనవంటి నిరుపేదలే.

1976 ఏప్రిల్ 28న, మీసా కింద జైల్లో పడినవాడికి కోర్టు తలుపు తట్టే హక్కే లేదని సుప్రీంకోర్టులో నలుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. కాదన్నవాడు హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడే. ఆ పాపానికి 1977 జనవరిలో ఆయనకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవిని జూనియర్ అయిన బేగ్‌కు యిచ్చారు. ఖన్నా రాజీనామా చేశారు. నలుగురి తీర్పు తప్పని సుప్రీంకోర్టే 2017లో తేల్చింది. నలభై ఏళ్లు పట్టింది! వామపక్షాల్లో కూడ ఒక పార్టీ ఎమర్జెన్సీని బలపరచి, 1978లో అది పొరపాటని ఒప్పుకున్నది. ఆ పాఠం మనమెవ్వరం మరువరాదు.

ఇక మన గడ్డమీది మాట. వెట్టి చాకిరీ రద్దుకు 1975 అక్టోబరులో ఆర్డినెన్సు, 1976లో చట్టం వచ్చాయి. అయితే చట్టం కాగితంమీద వున్నంతకాలం ఏ దొరకూ అభ్యంతరం లేదు. ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ సాంఘిక సంక్షేమ శాఖలో వుండి, పల్లెపల్లెకూ పోయి, మీ అప్పు చెల్లిపోయింది, మీరిక స్వేచ్ఛాజీవులని జీతగాళ్లకు చెప్పడం మొదలుపెట్టాడు. అది పైవారికి కంటగింపయింది. జీతగాళ్లను రెచ్చగొడుతున్నాడన్నారు. ఆయన సెలవు పెట్టి పోయారు. త్రిపుర వామపక్ష ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి ఆయనను పిలిచి ప్రధాన కార్యదర్శిని చేశారు. నష్టపోయిందెవరు? శంకరన్ కాదు, మన జీతగాడు.

ఎమర్జెన్సీ పోయి దశాబ్దాలు గడిచినా ఈ జబ్బు పోలేదు. పార్టీలు మారినా పోలేదు. హర్యానాలో భూబదలాయింపులను ప్రశ్నించిన అశోక్ ఖేమ్కా అనే అధికారిని 34 ఏళ్ల సర్వీసులో 57 సార్లు బదిలీ చేశారు. కాంగ్రెసు ఏలికలోనూ చేశారు, బీజేపీ ఏలికలోనూ చేశారు. 2025 ఏప్రిల్‌లో ఆయన రిటైరయ్యారు. అధికార్లు నోటిమాట ఆజ్ఞలమీద నడవరాదనీ, పదవిలో కనీస కాలం వుంచాలనీ 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. కాని అడిగేవాడు లేనిచోట తీర్పు అటకెక్కుతుంది.

అడగవలసింది మనమే. బంజరుకు పట్టా రాసిన తాసిల్దారును, కూలి ఎగవేసినవాడిమీద కేసు పెట్టిన లేబర్ అధికారిని రాత్రికి రాత్రి మారిస్తే, ఎందుకు మార్చారో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి అడగాలి. గ్రామసభలో నిలదీయాలి. అధికారిని దేవుణ్ణి చేయనక్కర్లేదు. మన పక్షాన చట్టం పలికినవాడికి మనం తోడుండాలి, చట్టం తప్పినవాణ్ణి కూడ మనమే నిలదీయాలి.

గుంజ ఒంటరిగా వుంటే ఎవడైనా పీకుతాడు. దాని చుట్టూ సంఘం అల్లుకుంటే పీకేవాడి చేతులకే ముళ్లు దిగుతాయి. కూలి సంఘాన్ని ప్రతి పల్లెలో బలపరచడమే నిరంకుశత్వానికి మనం వేసే కంచె.