కవచమెప్పుడు?

2023వ సంవత్సరము అక్టోబరు 29వ తేది రాత్రి విజయనగరము జిల్లాలో కంటకాపల్లి, అలమండ స్టేషనుల నడుమ పలాస పాసింజరును రాయగడ పాసింజరు వెనుకనుండి ఢీకొనగా పదునలుగురు అసువులు బాసిరి. పాతపట్నమువారు విశాఖపట్టణమునకు రైలున పోవు దారియు నదియే. కావున నీ దుఃఖము పరులది కాదు.

లోపించిన సిగ్నలులయొద్ద పాటింపవలసిన నియమమును రాయగడ బండివారు పాటింపలేదని రైల్వేవారి ప్రాథమిక విచారణ తేల్చినది. ఆ బండిని నడిపినవారు తమ పక్షము చెప్పుకొనుటకు జీవించి యుండలేదు. మానవుడు పొరపడుట సహజము. ఆ పొరపాటు ప్రాణములు తీయకుండ నడ్డుపడుటకే కవచమను సాధనము పుట్టినది. ఆ దినమున నా దారిలో నది లేదు.

కవచము విదేశమునుండి దిగినది కాదు. రైల్వే పరిశోధనశాఖయు భారతీయ సంస్థలును గలసి దానిని నిర్మించిరి. 2016లో దక్షిణ మధ్య రైల్వేలో ప్రయాణికుల బండ్లపై పరీక్షించిరి. 2020లో జాతీయ పద్ధతిగా స్వీకరించిరి. 2022 మార్చి 4వ తేదిని సికిందరాబాదు ప్రాంతమున నెదురుగా నున్న యింజనునకు 380 మీటర్ల దూరముననే రెండవ యింజను తనంతట నాగినది.

ఇదెట్లు సాధ్యమైనది? పట్టాల నడుమ నమర్చిన బిళ్లలు బండి యున్నచోటును తెలుపును; రేడియో సిగ్నలు స్థితిని తెలుపును. ఇంజనులో నీ యొక్క పనికై పొదిగిన చిన్న కంప్యూటరు లెక్కగట్టి బ్రేకు వేయును. దాని చిప్పులో, విద్యుత్తు పోయినను చెరగక నిలుచు నాజ్ఞావళియే ఫర్మువేరు. రేడియోకు, బిళ్లలను చదువు పరికరమునకు, బ్రేకునకు భాషలు వేరు వేరు. ఆజ్ఞను వానికి తెలియజెప్పు దుబాసీలే డ్రైవరులనబడు చిన్న ప్రోగ్రాములు. దుబాసీ తప్పు పలికిన నాజ్ఞ తారుమారగును. క్షణమాలసించిన బండి యాగదు. ఒక్క ఫర్మువేరు వందల యింజనులలో నుండును గనుక దానిలోని యొక్క తప్పు వందల తప్పులగును. అందుచేతనే కవచమునకు భద్రతలో నత్యున్నత శ్రేణి పరీక్షను విధించిరి.

రైల్వేవారిని మేము కోరునది రెండే. మన తీరపు దారిలో నేయే స్టేషనుల నడుమ కవచమెన్నడు పనిచేయునో తేదీలతో ప్రకటింపుడు. ఫర్మువేరు మార్చినప్పుడెల్ల జరిపిన పరీక్షల ఫలితములను ప్రజలయెదుట నుంచుడు. ఇక మన కళాశాలలు పెట్టె విప్పి లోపలి యాజ్ఞను చదువగల యువకులను తయారు చేయవలెను. పైపెట్టె మనదై, లోని యాజ్ఞ మనకు బోధపడనిచో నది స్వదేశి యెట్లగును?