మార్కులు కొలిచేది తెలివినేనా?

పరీక్ష పేపర్లు దిద్ది ఇచ్చిన రోజు మీ తరగతి ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఎక్కువ మార్కులు వచ్చినవాడు తెలివైనవాడు, తక్కువ వచ్చినవాడు మొద్దు. ఈ తీర్పు చెప్పడానికి మనకు అరనిమిషం పట్టదు. కాని థర్మామీటరును కాసేపు ఎండలో పెట్టి, తరువాత నోట్లో పెట్టి, వెంటనే తీసి చూసి “నీకు జ్వరం” అంటే మీరు ఒప్పుకుంటారా? మార్కుల విషయంలో మనం చేస్తున్నది ఇంచుమించు అదే.

తమిళనాడులోని చెరకు రైతుల మీద కొందరు శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధన 2013లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయింది. చెరకు డబ్బు ఏడాది పొడవునా రాదు, కోత అయ్యాకే చేతికొస్తుంది. కోతకు ముందు రోజుల్లో అప్పులు, తాకట్లు. తరువాత కాస్త తెరిపి. ఈ రెండు సమయాల్లోనూ అవే రైతులకు ఒకే రకం బొమ్మల చిక్కుప్రశ్నలు ఇచ్చారు. కోతకు ముందు తక్కువ సరిగా చేశారు, తరువాత ఎక్కువ చేశారు. మనిషి అదే, మెదడు అదే! డబ్బు బెంగ మనసులో సగం చోటు ఆక్రమిస్తే లెక్కకు మిగిలే చోటు తగ్గిపోతుందన్నమాట. పెద్దవాళ్ల సంగతే ఇలా ఉంటే, ఒక్క గదిలో అయిదుగురు ఉండే ఇంట్లో, అద్దె కోసం జరిగే గొడవ వింటూ బీజగణితం చేసే పిల్లవాడి సంగతేమిటి?

ఇంకో పరిశోధన నన్ను మరీ కలవరపెట్టింది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో మీ వయసుకు దగ్గరి మగపిల్లలను పిలిచి, చిక్కుదారి బొమ్మలు ఇచ్చారు. అవే, ‘కుందేలుకు దారి చూపండి’ అని పత్రికల్లో వస్తుంటాయే, అలాంటివి. 321 మంది పై కులాలవారు, 321 మంది దళిత కులాలవారు. ఎన్ని చేస్తే అంత డబ్బు. ఎవరి కులం ఏమిటో బయటపెట్టనప్పుడు రెండు జట్ల మధ్య తేడా లేదు. మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, కులం అందరి ముందూ పైకి చదివినప్పుడు మాత్రం దళిత పిల్లలు బాగా వెనకబడ్డారు. చదివింది నాలుగు మాటలే. బొమ్మలు మారలేదు, పిల్లల మెదళ్లూ మారలేదు. 2004లో వెలువడిన ఈ ఫలితాలు చూశాక, “వాళ్లకు చదువు అబ్బదు” అనే మాటను నేను శాస్త్రం పేరుతో ఎవరు చెప్పినా నమ్మను.

“పేదింట పుట్టి ఫస్టు వచ్చినవాళ్లు లేరా?” అని మీరు అడగవచ్చు. ఉన్నారు. వారి ఫొటోలు పేపర్లో వేస్తారు. డాక్టరుగారి అమ్మాయి ఫస్టు వస్తే ఆమె తండ్రి ఉద్యోగం గురించి ఎవరైనా అంత వింతగా రాస్తారా? వింతగా రాస్తున్నారంటేనే అది అరుదన్నమాట. ఆ అరుదైనవారిని చూపించి మిగతావారిని సోమరులనడం లెక్కల్లో కూడా తప్పే. వందమందిలో ఒకరిని చూసి సగటు తీస్తామా?

నేను చదివిన బడిలో స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చిన రోజున మాస్టారు కులాలవారీగా పిలిచి పిల్లల్ని లేచి నిలబడమనేవారు. ఆయన చెడ్డవారు కారు, పని త్వరగా తెమలాలని అలా చేసేవారు. నా పక్కన కూర్చునేవాడు లేచి నిలబడి, ఆ గంటంతా ఇక తల ఎత్తేవాడు కాదు. తరువాతి పీరియడు లెక్కలు! వాడి లెక్కల మార్కుల మీద మేమందరం నవ్వేవాళ్లం, నేనూ నవ్వాను.

ఆ వివరాలన్నీ బడి రిజిస్టరులో ఉండనే ఉంటాయి. ఫారాన్ని ఎవరిది వారి చేతికి ఇవ్వవచ్చు. మీ తరగతిలో ఇంకా పైకి చదువుతుంటే, మీ మాస్టారికి ఆ చిక్కుదారి బొమ్మల సంగతి చెప్పండి.