కాంట్రాక్టంటే ఏ కాంట్రాక్టు?

"ఏం ఉద్యోగం చేస్తున్నావమ్మా?" అని అడిగితే "కాంట్రాక్టండీ" అనే అమ్మాయిలే ఈమధ్య ఎక్కువ. ఆసుపత్రిలో నర్సుదీ అదే మాట, అక్కడ వార్డు తుడిచే ఆమెదీ అదే మాట. మాట ఒకటే గానీ చట్టం లెక్కలో అవి రెండు రకాలు. ఆ తేడా తెలియకపోతే నష్టపోయేది మనమే.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. "ఐదేళ్ళు అక్కర్లేదట, ఏడాది చేస్తే గ్రాట్యుటీ ఇస్తారట" అని చాలామంది సంబరపడ్డారు. నిజమే, ఇస్తారు. కానీ ఎవరికి? ఫలానా గడువు వరకూ అని కాగితం మీద ఒప్పందం రాసుకుని చేరినవాళ్ళకి. ఏజెన్సీవాళ్ళు నోటిమాటతో పనిలోకి పంపిన ఆమెకి చూపించడానికి చేతిలో కాగితమే ఉండదు. ఇక గ్రాట్యుటీ ఎవరినని అడుగుతుంది?

ఇంకో సంగతి. సంస్థకి ముఖ్యమైన పనుల్లో కాంట్రాక్టు కార్మికుల్ని పెట్టకూడదని కొత్త కోడ్ అంటోంది, కొన్ని మినహాయింపులతో. మరి ఊడ్చడం, బట్టలుతకడం, క్యాంటీన్లో వండటం? ఇవి మామూలుగా ముఖ్యమైన పనుల కిందికి రావట! వార్డు తుడవకుండా ఏ ఆసుపత్రి నడుస్తుందో చెప్పండి. ఇంట్లో మన చాకిరీకి విలువ కట్టనట్టే, బయటా ఆ పనులకి విలువ లేకుండా పోయింది.

1970 నాటి కేంద్ర చట్టం 20 మంది కాంట్రాక్టు కార్మికులున్న చోట వర్తించేది. ఇప్పుడా సంఖ్య 50 అయింది. చిన్న ఏజెన్సీల్లో పనిచేసేవాళ్ళకి ఆ మాత్రం నీడ కూడా లేకుండా పోయిందన్నమాట.

అలాగని అన్ని దారులూ మూసుకుపోలేదు. ఈ కోడ్ వర్తించే చోట కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే, పని చేయించుకున్న అసలు సంస్థే ఇవ్వాలి. గడువు ముగిసిందన్న సాకుతో ప్రసూతి ప్రయోజనాలు ఆపకూడదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. నియామక పత్రం ఇచ్చి తీరాలని కొత్త కోడ్‌లోనే ఉంది. కాబట్టి పనిలో చేరే ముందే ఆ కాగితం అడగండి. జీతం ఎంత, గడువు ఎన్నాళ్ళు, యజమాని ఎవరు అన్నవి అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. జీతం చీటీలు దాచుకోండి. అడిగితే పని పోతుందేమోనన్న భయం నిజమే. అందుకే ఒక్కరుగా కాదు, నలుగురు కలిసి అడగాలి.

ఉద్యోగం చేయని మనకీ ఇందులో పని ఉంది. మన అపార్ట్‌మెంట్లో మెట్లు తుడిచే ఆమె కూడా ఏజెన్సీ మనిషే కావచ్చు. నెలనెలా ఏజెన్సీకి డబ్బు కడుతున్నది మనమే కదా. అందులో ఆమె చేతికెంత వస్తోందో, పీఎఫ్ కడుతున్నారో లేదో వచ్చే అసోసియేషన్ మీటింగులో అడుగుదాం. ఆమె అడిగితే పని పోవచ్చు. మనం అడిగితే ఏమీ పోదు.