చుక్కలను తుడిచేయొద్దు

రాత్రి ఆకాశాన్ని ఫోటో తీస్తే నల్లటి చోటంతా రవ్వ చల్లినట్టు గరుగ్గా కనబడుతుంది. అదే నాయిస్. ఇంట్లో వెంటనే రెండు సలహాలు వస్తాయి: కొత్త కెమెరా కొను, లేదా కంప్యూటర్లో నున్నగా చేసెయ్. నేనైతే రెండూ వద్దంటాను.

నున్నగా చేసే ఆప్షన్‌కి నాయిస్ ఏదో, సన్న చుక్క ఏదో సరిగ్గా తెలియదు. రాళ్ళు ఏరమంటే నూకలు కూడా పారబోసినట్టు, రెండింటినీ తుడిచేస్తుంది.

ట్రైపాడ్ మీద పెట్టి, సెట్టింగులు మార్చకుండా, 15 సెకన్ల చొప్పున 16 ఫోటోలు రా ఫార్మాట్లో తీయండి. సీక్వేటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిని చుక్క మీద చుక్క పడేలా పేర్చి సగటు తీస్తుంది. చుక్క ప్రతి ఫోటోలోనూ ఉంటుంది, నాయిస్ మాత్రం ప్రతిసారీ మారుతుంది. అందుకే 16 కలిపితే నాయిస్ దాదాపు నాలుగో వంతుకు తగ్గుతుంది. తర్వాత లెన్స్‌కు మూత పెట్టి అంతే సేపు కొన్ని ఫోటోలు తీసి వాటినీ ఇస్తే, సెన్సర్‌లో కదలకుండా ఉండే మచ్చలూ పోతాయి.

సెన్సర్ వేడెక్కితే నాయిస్ పెరుగుతుంది. పెద్ద టెలిస్కోపుల కెమెరాలను ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచేది అందుకే. మన ఐరాల మిద్దెల మీద ఆ పని మార్గశిరం చలి కొంత చేసిపెడుతుంది. అమావాస్య దగ్గర్లో అయితే ఇంకా మేలు.

వంటిల్లు సర్ది మిద్దెక్కితే "ఈ వేళప్పుడు చుక్కలేంటి?" అంటారు. మనం అడిగేది కొత్త కెమెరా డబ్బు కాదు, పది నిమిషాలు. అవి మనవే. మొహమాటపడకుండా తీసుకోండి.