పర్సెంటైలును గూర్చి తల్లులకు నాలుగు మాటలు

ఇంటర్మీడియేటు పరీక్షలు ముగిసి, నర్సింగు ప్రవేశపరీక్షల ఫలితములు వెలువడు దినములలో మన యిండ్లయందొక క్రొత్తమాట వినవచ్చుచుండును. అది పర్సెంటైలు అను మాట. బాలికలు దానిని సులభముగ పలుకుదురు, తండ్రులు తెలిసినట్లు తల యూచుదురు, తల్లులు మాత్రము "ఇది మంచిదా, చెడ్డదా?" అని యడుగుటకు సంకోచించి యూరకుందురు. ఈ సంకోచమువలన కలుగు నష్టము చిన్నది కాదు. అందుచే ఈ నెల మేమా మాటను గూర్చియే ముచ్చటింపదలచితిమి.

శాతము వేరు, పర్సెంటైలు వేరు. నూటికి 43 మార్కులు వచ్చినవన్నచో, ప్రశ్నపత్రమున బాలిక యెంతవరకు సరిగా వ్రాయగలిగెనో అది తెలుపును. పర్సెంటైలు అట్టిది కాదు. తనతోబాటు పరీక్ష వ్రాసిన వారిలో, తనతో సమానముగనో తనకంటె తక్కువగనో మార్కులు పొందినవారు నూటికెందరో అది తెలుపును. మొదటిది గాదెలోని గింజల కొలత. రెండవది నలుగురిలో మన స్థానము.

ఈ భేదము మన అనంతపురపు సోదరీమణులకు పొలముగట్టుననే బోధపడగలదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో కాలము గడుపు సీమ మనది. ఒక గ్రామమున 40 మంది రైతులు వేరుసెనగ విత్తిరనుకొందము. వాన ముఖము చాటేసిన యేట ఒక రైతునకు ఎకరమునకు 3 మూటల బుడ్డలు మాత్రమే రాలినవి. అయినను ఆ యూర 30 మందికి 3 మూటలో, అంతకు తక్కువయో వచ్చినవి. 30ని 40చే భాగించి 100చే గుణించినచో 75 వచ్చును. ఆ రైతు పర్సెంటైలు 75. మరుసటి యేడు వాన చక్కగా కురిసి ఆ రైతునకే 10 మూటలు వచ్చినవి. కాని 10 మూటలు, అంతకు తక్కువ వచ్చినవారు 20 మందియే. ఇప్పుడాతని పర్సెంటైలు 50. మూటలు పెరిగినవి, పర్సెంటైలు తగ్గినది. కఠినమైన ప్రశ్నపత్రము కరవుయేడు వంటిది. సులభమైన పత్రము పంటయేడు వంటిది. పత్రమెట్టిదైనను, అదే పత్రము వ్రాసినవారితో బాలికను పోల్చుటయే పర్సెంటైలు చేయు పని.

ఇక పరీక్షకు వత్తము. 2,000 మంది బాలబాలికలు వ్రాసిన పరీక్షలో ఒక బాలికకు 43 మార్కులు వచ్చినవి. 43, అంతకు తక్కువ వచ్చినవారు ఆమెతో గూడ 1,240 మంది. ఆమె పర్సెంటైలు 62. అనగా ఆమెకు పైన 760 మంది కలరు. ఈ 62ను మార్కులని తలంచి పొంగిపోరాదు. 43ను చూచి పరీక్ష తప్పినదని క్రుంగిపోరాదు.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వారి 2020వ సంవత్సరపు నిబంధనలు 2021లో రాజపత్రమున వెలువడినవి. వానిని బట్టి బి.ఎస్సీ. నర్సింగు ప్రవేశపరీక్షలో సామాన్య వర్గమువారికి 50వ పర్సెంటైలు, ఆ వర్గములోని దివ్యాంగులకు 45వది, షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులవారికి 40వది కనీసార్హతగా నిర్ణయింపబడినది. ఈ 50ని నూటికి 50 మార్కులని పలువురు పొరబడుచున్నారు. పత్రము కఠినమైనచో 50 మార్కులకు ఎంతో తక్కువ వచ్చిన బాలికయు అర్హురాలు కావచ్చును. సులభమైనచో 50 మార్కులు వచ్చియు అర్హత తప్పవచ్చును.

అర్హత కలిగినంతమాత్రమున సీటు దొరకినట్లు కాదనియు గ్రహింపవలెను. పెండ్లియింట గడప దాటినవారికెల్ల తొలిపంక్తిలోనే విస్తరి దొరకదు గదా! సీట్లు కొన్నియే, అవి ర్యాంకును బట్టియు, రిజర్వేషనులను బట్టియు పంచబడును. పరీక్ష వ్రాసినవారు 20,000 మంది యైనచో, 99వ పర్సెంటైలు వచ్చిన బాలికకు సైతము పైన సుమారు 200 మంది యుందురు. అందుచే పర్సెంటైలుతోబాటు ర్యాంకును గూడ తప్పక చూడవలెను. మన రాష్ట్రమున కన్వీనరు కోటా సీట్లకు విజయవాడయందలి డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయమువారు ప్రకటన నిత్తురు. ఆ యేటి నియమములను ఆ యేటి ప్రకటనలోనే చూచుకొనవలెను.

మేమెరిగిన యొక రైతు కుటుంబమున జరిగిన సంగతి చెప్పెదము. కూతునకు 62 పర్సెంటైలు వచ్చినది. పొరుగింటి పిల్లవానికి ఇంటర్మీడియేటులో నూటికి 90 వచ్చియుండెను. రెంటిని ప్రక్కప్రక్కన బెట్టి, "మన పిల్ల వెనుకబడినది, ఇక సంబంధము చూతము" అని తండ్రి నిశ్చయించెను. అంతలో దళారి యొకడు వచ్చి, "ఈ పర్సెంటైలు చాలదు, డబ్బు కట్టినచో సీటు నేనిప్పించెద" ననెను. రెండెడ్లు అమ్మజూపు వరకు మాట సాగెను. అప్పుడా తల్లి, "ముందు కాగితము చదివించి చూతము" అని పట్టుబట్టెను. చదువగా బిడ్డ తన వర్గపు కనీసార్హతకు 22 పర్సెంటైలుల పైననున్నదని తెలిసినది. కౌన్సెలింగునకు పేరు నమోదు చేయించుటకు రెండు దినములే మిగిలియుండెను. నమోదు చేయించిరి. రెండవ విడతలో సీటు దొరకినది. ఎడ్లు కొట్టములోనే యున్నవి. ఆ తల్లి చదివినది అయిదవ తరగతియే; ఆమెకున్నది అడుగవలెనను బుద్ధి.

మరియొక విషయము. నమూనా పరీక్షలో 58, అసలు పరీక్షలో 52 వచ్చినదని బాలికను నిందించు తల్లులు కలరు. కదిరి తేరునాటి జనసందోహమును తలంపుడు. గుంపు నడుమ ఒక్క అడుగు వేసినను పదిమందిని దాటుదుము. అంచున పది అడుగులు వేసినను ఒక్కరిని దాటము. మార్కులలోను అంతే. పెక్కుమంది నడిమి మార్కులయొద్ద గుమిగూడియుందురు గావున, అచట ఒకటి రెండు ప్రశ్నలు తప్పినను పర్సెంటైలు చాల దిగును. అది బిడ్డ సోమరితనమునకు గురుతు కాదు. ఆ ఒకటి రెండు ప్రశ్నలు సరిజేసికొన్నచో అంతవేగముగను పైకి వచ్చును. నమూనా పరీక్ష వ్రాసినవారు వేరు, అసలు పరీక్ష వ్రాసినవారు వేరు గనుక ఆ రెంటిని పోల్చుటయు న్యాయము కాదు.

లెక్కలు మగవారి సొత్తని యనుకొనువారికి ఫ్లోరెన్సు నైటింగేలు చరిత్రము చాలును. 1854లో ఆమె క్రిమియా యుద్ధమున గాయపడిన సైనికులకు శుశ్రూష చేయబోయెను. మరణించినవారిలో గాయములచే పోయినవారికంటె నివారింపదగిన రోగములచే పోయినవారే యధికులని లెక్కగట్టి, 1858లో పటములు గీచి ప్రకటించెను. 1860లో లండనులో నర్సుల శిక్షణాలయము నెలకొల్పెను. దీపము పట్టిన చేయియే లెక్కలును వ్రాసినది. మన భాషకును గణితము పరాయిది కాదు. మహావీరాచార్యుని సంస్కృత గణితమును పావులూరి మల్లన పూర్వమే తెలుగు పద్యములలోనికి దెచ్చెను.

కావున సోదరీమణులారా, ఫలితపు కాగితము చేతికి వచ్చిన దినమున అయిదు సంగతులు అడిగి తెలిసికొనుడు: మార్కులెన్ని, పర్సెంటైలెంత, ర్యాంకెంత, మన వర్గమునకు కనీసార్హత యెంత, నమోదునకు కడపటి దినమెప్పుడు. ఈ అయిదును వంటయింటి క్యాలెండరుమీద వ్రాసికొనుడు. కడపటి దినము దాటినచో ఎంత మంచి పర్సెంటైలైనను కొరగాదు. ఈ పర్యాయము సీటు రాకున్నను త్రోవ మూసికొనిపోలేదు, జి.ఎన్.ఎం. అను మూడేండ్ల శిక్షణ కలదు, విజ్ఞానశాస్త్రము చదువని బాలికలకును అందు ప్రవేశమున్నది. ఇవన్నియు విచారింపకమున్నే బిడ్డ చదువును గూర్చి తుదిమాట పలుకవలదని మా విన్నపము.